అడ్డసరం ఆకు - ఎలుకల మీద పరీక్ష ఎందుకు?

దగ్గూ ఆయాసమూ అనగానే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అడ్డసరం పేరెత్తుతారు. ఆకు రసంలో కాస్త తేనె కలిపి ఇవ్వమంటారు. "తరాలుగా వాడుతున్నదాన్ని మళ్ళీ ఎలుకలకిచ్చి చూడ్డమెందుకండీ?" అని మీరడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దగ్గు తగ్గడం వేరు, ఊపిరిగొట్టాల్లో వాపు తగ్గడం వేరు. పైగా మందు వల్ల తగ్గిందో, నాలుగు రోజులు గడిచి తగ్గిందో ఇంట్లో కూర్చుని తేల్చలేం కదా!

ప్రయోగశాలలో ముందు చేసే పని, ఆరోగ్యంగా ఉన్న ఎలుకకో గినీ పందికో ఉబ్బసం లాంటిది తెప్పించడం. దానికి వాడేది మనకు తెలిసిన వస్తువే, కోడిగుడ్డు తెల్లసొనలోని మాంసకృత్తు. దాన్ని పటికజాతి లవణంతో కలిపి సూదిమందుగా ఇస్తారు. రెండు మూడు వారాల్లో జంతువు ఒంటికి అది పడకుండా పోతుంది. ఆ తర్వాత దాన్నే సన్నటి తుంపరగా పీల్పిస్తే ఊపిరిగొట్టాలు వాచి, జిగురు చేరి, బిగుసుకుంటాయి.

ఇక ఆకు సంగతి. నీడన ఆరబెట్టి, పొడిచేసి, నీళ్ళలోనో ఆల్కహాలులోనో నానవేసి, వడగట్టి ఇగరబెడితే మిగిలేదే సారం. మన కషాయానికి అక్కలాంటిదే, కాకపోతే వాళ్ళు మిల్లీగ్రాముల్లో తూస్తారు. కొన్ని జంతువులకు ఈ సారం, కొన్నిటికి ఉత్త నీళ్ళు, కొన్నిటికి డెక్సామెథసోన్ వంటి తెలిసిన మందు. ఉత్తనీళ్ళ గుంపు లేకపోతే పరీక్షకు అర్థమే లేదు. చివరికి ఊపిరితిత్తుల్ని ఉప్పునీటితో కడిగి, ఆ నీటిలో ఇసినోఫిల్ అనే తెల్లకణాలెన్నో లెక్కపెడతారు. ఆ లెక్క కోసం చాలావరకు ఆ మూగజీవాలు ప్రాణం పోగొట్టుకుంటాయి. వినడానికి కష్టంగానే ఉంటుంది. అందుకే మన దేశంలో నైతిక సంఘం అనుమతి లేనిదే ఇవి చెయ్యకూడదు.

సరే, ఎలుకకు నయమైతే మనకూ నయమైనట్టేనా? కాదండీ. ఈజిప్టు వైపు పెరిగే కెల్లా మొక్కలోని పదార్థం ఆధారంగా ఇంగ్లండులో మందు వెతికిన రోజర్ ఆల్తూన్యాన్ అనే డాక్టరు స్వయంగా ఉబ్బసం రోగి. జంతువుల మీద ఫలితాలతో తృప్తిపడక, గినీ పంది వెంట్రుకల నుంచి తీసిన ద్రవాన్ని తానే పీల్చి, ఆయాసం తెచ్చుకుని, ఒక్కొక్క మందే తన మీద పరీక్షించుకున్నాడు. ఏళ్ళ తరబడి చేస్తే 1965లో దొరికింది, క్రోమోగ్లైకేట్. భార్య ఎలా ఊరుకుందో మరి!

మన అడ్డసరానికొస్తే, అందులోని వాసిసిన్ ఊపిరిగొట్టాలను సడలిస్తుందని జంతువుల్లో తేలింది. దాని నమూనాగా తయారైన బ్రోమ్‌హెక్సిన్ పేరు దగ్గుమందు సీసాల మీద మీరు చూసే ఉంటారు. అయితే అదే వాసిసిన్‌కు గర్భాశయాన్ని ముడుచుకునేలా చేసే గుణం ఉందని, గర్భస్రావానికి దారితీయగలదని 1980 ప్రాంతంలో జమ్మూలోని ప్రాంతీయ పరిశోధనశాల వారు చూపించారు. ఆకు కషాయం తాగినవారికి దగ్గు మాత్రమే కదా కనబడేది, ఈ సంగతి ఎలా తెలుస్తుంది? కనుక ఇంట్లో కూతురో కోడలో నెల తప్పిందంటే, ఎంత దగ్గుతున్నా సరే, అడ్డసరం జోలికి పోకుండా డాక్టరుకు చూపించండి.