హరి చంద్ (పరుగు క్రీడాకారుడు)

హరి చంద్ (1953 ఏప్రిల్ 1 - 2022 జూన్ 13) భారతదేశానికి చెందిన సుదూర పరుగు క్రీడాకారుడు, కేంద్ర రిజర్వు పోలీసు దళం (సి.ఆర్.పి.ఎఫ్.) విశ్రాంత అధికారి. 1978లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా క్రీడలలో 5,000 మీటర్లు, 10,000 మీటర్ల పరుగు పందేలు రెండింటిలోనూ స్వర్ణ పతకాలు గెలిచాడు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్ల పరుగులో ఆయన నెలకొల్పిన జాతీయ రికార్డు 32 సంవత్సరాల పాటు చెక్కుచెదరలేదు. 1998 ఆసియా క్రీడలలో ఇదే పరుగులో కాంస్యం సాధించిన గులాబ్ చంద్ వేరొకరు. పేర్ల పోలిక వలన ఇద్దరినీ ఒకరిగా పొరబడే అవకాశం ఉంది.

జననం, ఉద్యోగం

హరి చంద్ పంజాబ్ రాష్ట్రం హోషియార్‌పూర్ జిల్లాలోని ఘోరెవాహా గ్రామంలో జన్మించాడు. బియాస్, సట్లెజ్ నదుల నడుమ ఉన్న ఈ ప్రాంతాన్ని దోఆబా అంటారు. జిల్లాకు ఒక అంచున శివాలిక్ కొండలు ఉన్నాయి.

ఆయన పనిచేసిన సి.ఆర్.పి.ఎఫ్. 1939లో నీమచ్‌లో (నేటి మధ్యప్రదేశ్) వేరొక పేరుతో ఏర్పడి, 1949 చట్టంతో ఇప్పటి పేరును పొందింది. ఊళ్ళలో కనిపించే రాష్ట్ర పోలీసులకూ దీనికీ తేడా ఉంది. ఇది కేంద్ర ప్రభుత్వ సాయుధ దళం; శాంతిభద్రతల విషయంలో రాష్ట్రాలకు తోడ్పడటం దీని ముఖ్య విధి. సైన్యం, రైల్వేల వలెనే ఈ దళం కూడా క్రీడాకారులకు చాలాకాలంగా ఆశ్రయంగా ఉంది. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో 110 మీటర్ల హర్డిల్స్‌లో అయిదవ స్థానం పొందిన గుర్‌బచన్ సింగ్ రంధావా కూడా ఈ దళంవాడే.

పోలీసు శాఖ క్రీడలను పోషించడం తెలుగువారికి కొత్త విషయం కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సార్లు రోవర్స్ కప్పు గెలుచుకొంది. పల్లెటూరి యువకునికి ఇటువంటి ఉద్యోగంలో ఉన్న విలువ పతకాల లెక్కకు అందదు. పుష్టికరమైన తిండికి, సాధనకు, పోటీలకు వెళ్ళే సెలవుకు హామీ దొరుకుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, కాళ్ళలో వేగం తగ్గిన తరువాత కూడా జీతం ఆగదు. పరుగును నమ్ముకొన్నవానికి అప్పట్లో దేశంలో ఇంతకంటే మంచి దారి లేదనే చెప్పాలి.

పదివేల మీటర్ల పరుగు

ఆయన సాధించినది ఎంతటిదో తెలియాలంటే ఈ పరుగు స్వభావం కొంత తెలియాలి. ఒక చుట్టు 400 మీటర్లు ఉండే మైదానంలో 25 చుట్లు తిరిగితే 10,000 మీటర్లు. మాంట్రియల్‌లో హరి చంద్‌కు పట్టిన సమయం 28 నిమిషాల 48.72 సెకన్లు. అంటే సగటున ఒక్కొక్క చుట్టుకు 69.15 సెకన్లు, ప్రతి నూరు మీటర్లకు 17.3 సెకన్లు. నూరు మీటర్లను 17 సెకన్లలో పరుగెత్తగల విద్యార్థులు ప్రతి పాఠశాలలోనూ ఉంటారు. ఆ వేగాన్ని ఆపకుండా నూరు సార్లు కొనసాగించడమే ఇందులోని కష్టం.

మరొక పోలిక పోలీసు ఉద్యోగాలకు సిద్ధమయ్యేవారికి సులభంగా అర్థమవుతుంది. తెలంగాణలో 2022 నాటి పోలీసు నియామకాలలో పురుష అభ్యర్థులు 1,600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తిచేయవలసి ఉండేది. హరి చంద్ మాంట్రియల్ వేగంతో లెక్కిస్తే అదే దూరానికి 4 నిమిషాల 37 సెకన్లు చాలు. ఆయన అక్కడ ఆగలేదు, అటువంటి ఆరుంబావు దూరాలను ఏకబిగిన పరుగెత్తాడు.

సియోల్ నుండి మాంట్రియల్‌కు

1975లో దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ పోటీలలో హరి చంద్ 10,000 మీటర్లలో స్వర్ణం గెలిచాడు. అప్పటికి ఆయన వయసు 22 సంవత్సరాలు. ఆ సంవత్సరానికి అర్జున పురస్కారం లభించింది.

మరుసటి సంవత్సరం మాంట్రియల్ ఒలింపిక్స్‌లో తన హీట్‌లో ఎనిమిదవ స్థానంలో నిలిచాడు. ఫైనల్‌కు అర్హత దక్కలేదు. పతకాల పట్టిక మాత్రమే చూసేవారికి ఇది వైఫల్యంగా తోచవచ్చు, కాని భారతదేశపు రికార్డు పుట్టినది ఆ హీట్‌లోనే. దక్షిణాఫ్రికాలో న్యూజీలాండ్ రగ్బీ జట్టు పర్యటించినందుకు నిరసనగా ఇరవైకి పైగా ఆఫ్రికా దేశాలు ఆ ఒలింపిక్స్‌ను బహిష్కరించాయి. అందువలన సుదూర పరుగులలో పోటీ కొంత పలచబడిన మాట నిజమే. స్థానాల విషయంలో దానిని లెక్కలోకి తీసుకోవచ్చు గాని గడియారం చూపిన సమయానికి ఆ బహిష్కరణతో సంబంధం లేదు.

ఆ పందెం ఫైనల్ గెలిచినవాడు ఫిన్లాండ్‌కు చెందిన లాస్సె విరెన్, సమయం 27 నిమిషాల 40.38 సెకన్లు. విశేషమేమంటే విరెన్ కూడా పోలీసే. మ్యుర్‌స్క్యులా అనే పల్లెలో పోలీసుగా పనిచేస్తూ 1972లోనూ 1976లోనూ 5,000, 10,000 మీటర్ల స్వర్ణాలు రెండూ గెలిచాడు. ఇద్దరి సమయాల మధ్య తేడా 68 సెకన్లు, అంటే మైదానంలో దాదాపు ఒక పూర్తి చుట్టు. ప్రపంచంలోని అత్యుత్తమ పరుగుకూ అప్పటి భారతీయ పరుగుకూ నడుమ ఉన్న దూరాన్ని దీనికంటే సూటిగా చూపే కొలత లేదు.

బ్యాంకాక్ విజయం

1978 ఆసియా క్రీడలు హరి చంద్ క్రీడాజీవితంలో శిఖరం. ఒకే క్రీడోత్సవంలో 5,000, 10,000 మీటర్లు రెండూ గెలవడానికి దమ్ముతో పాటు ఒక పందెం అలసట నుండి త్వరగా తేరుకొని మరొకదానికి సిద్ధమయ్యే శక్తి ఉండాలి. అంతకు నాలుగేళ్ళ ముందు టెహరాన్‌లో శివనాథ్ సింగ్ 5,000 మీటర్లలో స్వర్ణం, 10,000 మీటర్లలో రజతం తెచ్చాడు. హరి చంద్ ఆ మిగిలిన మెట్టును కూడా ఎక్కాడు. ఆ తరువాత 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల వరకు 10,000 మీటర్ల పురుషుల పరుగులో మరే భారతీయుడూ స్వర్ణం గెలవలేదు. హాంగ్‌ఝౌలో కార్తీక్ కుమార్‌కు రజతం, గుల్వీర్ సింగ్‌కు కాంస్యం వచ్చాయి.

1980 మాస్కో ఒలింపిక్స్‌లో కూడా హరి చంద్ దేశం తరపున పాల్గొన్నాడు. 10,000 మీటర్లలో ఫైనల్ చేరలేదు. 42 కిలోమీటర్లకు పైబడిన మారథాన్‌లో కూడా పరుగెత్తాడు.

ముప్పై రెండేళ్ళ రికార్డు

మాంట్రియల్ రికార్డును 2008లో స్పెయిన్‌లోని వీగోలో సురేంద్ర సింగ్ 28 నిమిషాల 02.89 సెకన్లతో అధిగమించాడు. హరి చంద్ రికార్డు నెలకొల్పిన తరువాత పుట్టిన పిల్లలు పెద్దవారై, పరుగెత్తి, విరమించుకొనేంత కాలం అది నిలిచింది. ఆ తరం వారి రికార్డులు మరికొన్ని కూడా ఇటువంటివే. మాంట్రియల్‌లోనే 800 మీటర్ల ఫైనల్‌లో ఏడవ స్థానం పొందిన శ్రీరామ్ సింగ్ సమయం (1 నిమిషం 45.77 సెకన్లు) జాతీయ రికార్డుగా 2018 వరకు ఉంది. శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో మారథాన్‌ను 2 గంటల 12 నిమిషాలలో ముగించి నెలకొల్పిన రికార్డు నాలుగు దశాబ్దాలు దాటినా చెదరలేదు.

ఇన్నేళ్ళు నిలవడం ఆ క్రీడాకారుల గొప్పతనమే. అయితే దీనిని కేవలం గొప్పతనంగా చెప్పి ఊరుకోవడం సగం నిజమే అవుతుంది. మిగిలిన సగం వెనుక వచ్చిన తరాలకు అందని అవకాశాలకు సంబంధించినది. సుదూర పరుగులో మంచి సమయం ఒక్కడి వలన రాదు. ముందు వేగంగా పరుగెత్తేవారు ఉంటేనే వెనుకవాడు కూడా తన హద్దు దాటుతాడు. దేశంలో జరిగే పోటీలలో ఎక్కువమంది లక్ష్యం మొదటి స్థానం; పతకం, దానితో వచ్చే పదోన్నతి దానిమీదే ఆధారపడి ఉంటాయి. అందువలన అందరూ మెల్లగా మొదలుపెట్టి చివరి రెండు చుట్లలో తేల్చుకొంటారు. ఎండ వేడిమి దీనికి తోడవుతుంది. హరి చంద్ రికార్డు కెనడాలో, సురేంద్ర సింగ్ రికార్డు స్పెయిన్‌లో పుట్టడం యాదృచ్ఛికం కాదు.

తరువాతి చరిత్ర కూడా దీనినే చూపుతుంది. గుల్వీర్ సింగ్ 2024 మార్చిలో అమెరికాలో 27 నిమిషాల 41.81 సెకన్లతో కొత్త జాతీయ రికార్డు సృష్టించి, అదే సంవత్సరం నవంబరులో జపాన్‌లో 27:14.88కి, 2025 మార్చిలో మళ్ళీ అమెరికాలో 27:00.22కి తగ్గించాడు. 1976 నుండి 2008 వరకు తగ్గినది 46 సెకన్లు కాగా, ఆ మూడు పందేలలో గుల్వీర్ 62 సెకన్లకు పైగా తగ్గించాడు. బూట్ల తయారీలోనూ శిక్షణలోనూ వచ్చిన మార్పుల పాత్ర ఇందులో ఉన్నా, బలమైన పోటీదారుల నడుమ పరుగెత్తే అవకాశం తరచుగా రావడమే ప్రధాన కారణంగా కనిపిస్తుంది. హరి చంద్‌కు అటువంటి అవకాశం వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని సార్లే వచ్చింది.

మరణం

హరి చంద్ 2022 జూన్ 13న, 69 సంవత్సరాల వయసులో పంజాబ్‌లో మరణించాడు. తన రికార్డును సురేంద్ర సింగ్ దాటడాన్ని చూశాడు గాని గుల్వీర్ పరుగులను చూడలేదు. సియోల్‌లో ఆయన స్వర్ణం గెలిచిన సరిగ్గా 50 సంవత్సరాలకు, 2025 మే నెలలో, అదే దక్షిణ కొరియాలోని గుమి నగరంలో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ పోటీలలో గుల్వీర్ సింగ్ 10,000 మీటర్ల స్వర్ణం గెలిచాడు. ఆ పోటీల చరిత్రలో ఈ పతకం పొందిన భారతీయులలో 1975లో హరి చంద్, 2017లో జి. లక్ష్మణన్ తరువాత గుల్వీర్ మూడవవాడు.