పట్టాలు లేని రైలుదారి

పంతొమ్మిదవ శతాబ్దపు అమెరికాలో బానిసత్వం నుండి తప్పించుకొని వచ్చిన వారికి రహస్యంగా తోడ్పడిన మార్గానికి ‘భూగర్భ రైలుమార్గం’ అని పేరు. పేరు విని సొరంగాలను, పట్టాలను ఊహించుకోవడం సహజం. కాని అక్కడ అవేవీ లేవు. ఆశ్రయమిచ్చిన ఇల్లు ‘స్టేషను’, దారి చూపిన వ్యక్తి ‘కండక్టరు’. రైళ్లు కొత్తగా వచ్చిన కాలం కనుక ఆ మాటలే సంకేతాలయ్యాయి.

దక్షిణ రాష్ట్రాలలో బానిసత్వం చట్టబద్ధం. ఉత్తర రాష్ట్రాలు దానిని రద్దు చేసుకున్నాయి. అయినను ఉత్తరాదికి చేరినంత మాత్రాన రక్షణ లభించేది కాదు. 1850 నాటి చట్టం ప్రకారం పట్టుబడిన వ్యక్తికి తన పక్షాన సాక్ష్యం చెప్పుకొనే హక్కు లేదు. అతనిని యజమానికి అప్పగిస్తే విచారణాధికారికి 10 డాలర్లు, విడిచిపెడితే 5 డాలర్లు ముట్టేవి! సహాయం చేసిన వారికి 1000 డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు. అందుచేత అనేకులు బ్రిటిష్ పాలనలోని కెనడాకు సాగిపోయేవారు.

ఈ సహాయం వెనుక పట్టణాలలోని ‘విజిలెన్స్ కమిటీలు’ ఉండేవి. 1835లో న్యూయార్కులో డేవిడ్ రగుల్స్ ప్రభృతులు ఒక కమిటీని స్థాపించారు. 1838లో పారిపోయి వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్‌కు ఆశ్రయమిచ్చినది ఆ రగుల్సే. ఫిలడెల్ఫియా కమిటీకి 1852 నుండి విలియం స్టిల్ సారథి. అన్నవస్త్రాలు, వైద్యం, దారి ఖర్చులు, తదుపరి మజిలీకి కబురు, ఇవన్నీ చందాల సొమ్ముతో సాగేవి.

రహస్యోద్యమంలో కాగితం మీద అక్షరం పెట్టడమే ప్రమాదం. అయినను స్టిల్ చిట్టాలు వ్రాశాడు. అందుకు కారణముంది. 1850లో పీటర్ అనే వ్యక్తి తన తల్లిదండ్రులను వెదకుతూ, స్టిల్ గుమాస్తాగా పనిచేస్తున్న బానిసత్వ వ్యతిరేక సంఘ కార్యాలయానికి వచ్చాడు. అతను చెప్పిన తల్లిదండ్రుల పేర్లు స్టిల్ తల్లిదండ్రులవే! తల్లి పారిపోయినప్పుడు వెనుక మిగిలిపోయి, దూరప్రాంతాలకు అమ్ముడుపోయిన అన్నగారే అతడు. దాదాపు నలభై ఏండ్ల తరువాత పీటర్ మరల తల్లిని చూశాడు.

నాటి నుండి వచ్చిన ప్రతివారి పేరు, మార్చుకొన్న పేరు, వయస్సు, విడిచి వచ్చిన ఊరు, బంధువుల వివరాలు స్టిల్ అడిగి వ్రాసుకొన్నాడు. ఆ పుస్తకాలను జాగ్రత్తగా దాచాడు. 1865లో బానిసత్వం రద్దయింది. 1872లో ఆ వివరాలను గ్రంథంగా వెలువరించాడు.

యజమానుల లెక్కలలో ఆ మనుషులు ఆస్తిపాస్తులు మాత్రమే. స్టిల్ చిట్టాలో వారు తల్లులు, బిడ్డలు, అన్నదమ్ములు. విడిపోయిన వారు ఒకరినొకరు వెదకుకొనేందుకు ఆ వ్రాత ఒక ఆధారమయింది.