అరచేతిలో అంగడి

నెల్లూరు సాగరతీరాన జువ్వలదిన్నె, ఇస్కపల్లి, మైపాడు, కృష్ణపట్నం వంటి ఊళ్ళలో స్మార్ట్‌ఫోన్ నేడు విలాసవస్తువు కాదు. వేటకు వెళ్ళే వారికీ, రొయ్యల చెరువులు సాగు చేసే వారికీ అది పనిముట్టు. అయితే అదే ఫోను వ్యాపారులకు మన ఇంటి లోపలి దాకా తెరచి ఉంచిన వాకిలి కూడా. పూర్వం అవసరం కలిగినప్పుడు మనం అంగడికి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు అంగడే వేళాపాళా లేకుండా మన అరచేతిలోకి వస్తున్నది. ఈ రాకడలో మేలెంత, కీడెంత అన్నది ప్రతి కుటుంబమూ కూర్చుని ఆలోచించవలసిన విషయం.

మేలును ముందుగా చెప్పుకోవడం న్యాయం. హైదరాబాదులోని ‘ఇన్‌కాయిస్’ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉపగ్రహాల సాయంతో సముద్ర జలాల ఉష్ణోగ్రతను, నీటి రంగును పరిశీలించి, చేపలు సమృద్ధిగా లభించే ప్రాంతాలను మత్స్యకారులకు తెలియజేస్తున్నది. అలల ఎత్తు, ఉప్పెన హెచ్చరికలు కూడా దాని ‘సముద్ర’ యాప్‌లో లభిస్తాయి. రొయ్యల రైతులకూ ఎగుమతిదారులకూ నడుమ దళారుల ప్రమేయం లేకుండా చేయాలన్న ఉద్దేశంతో 2021 ఏప్రిల్ 13న ‘ఈ-శాంత’ అనే ఎలక్ట్రానిక్ విపణి ప్రారంభమయింది. నేడు ఏ కౌంటు రొయ్యకు ఏ ధర పలుకుతున్నదో రైతు చెరువు గట్టు మీద నిలబడే తెలుసుకోగలుగుతున్నాడు.

ఇక్కడొక ప్రశ్న వేసుకోవాలి. ఏదైనా యాప్ మనకు ఉచితంగా లభిస్తే, దాని ఖర్చును భరిస్తున్నది ఎవరు? ప్రభుత్వ సంస్థల యాప్‌లకైతే ప్రజాధనం ఆధారం. ప్రైవేటు యాప్‌లకు సాధారణంగా మూడే ఆదాయ మార్గాలు: ప్రకటనలు, సరకుల అమ్మకం, మన సమాచారం. చెరువు నీటి గురించి ఉచితంగా సలహా ఇచ్చే యాప్ మేతనూ మందులనూ కూడా అమ్ముతుంటే, ఆ సలహా తప్పని భావించనక్కరలేదు. కాని సలహాదారుడూ విక్రేతా ఒక్కరేనన్న ఎరుక రైతుకు ఉండాలి. మేత అరువుకిచ్చే దుకాణదారు మాటను మరొకరి దగ్గర సరిచూసుకునే రైతు, యాప్ మాటను మాత్రం సరిచూసుకోకుండా ఎందుకు నమ్మాలి?

గృహిణుల విషయానికి వస్తే, కొనుగోలు యాప్‌ల నిర్మాణంలోనే కొన్ని ఉచ్చులు దాగి ఉంటాయి. “ఇంకా పది నిమిషాలే గడువు” అంటూ తొందరపెట్టడం, మనం కోరని వస్తువును బిల్లులో చేర్చడం, తొలుత తక్కువ ధర చూపి చివరి అంచెలో అదనపు రుసుములు వేయడం, చందా కట్టడం సులభం చేసి మానుకోవడం దుర్లభం చేయడం ఇటువంటివే. వీటిని ‘డార్క్ ప్యాటర్న్స్’ అంటారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇటువంటి 13 పద్ధతులను పేర్కొని నిషేధించింది. తూనికలలోనూ కొలతలలోనూ మోసగించేవారి ప్రస్తావనతో దివ్య ఖుర్ఆన్‌లో ‘అల్ ముతఫ్ఫిఫీన్’ అనే ఒక సూరాయే ఉన్నది. త్రాసు తెర మీదికి మారినంత మాత్రాన మోసం స్వభావం మారదు.

అన్నింటికన్నా ఆందోళనకరమైనది రుణ యాప్‌ల ప్రచారం. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పుతీరంలో మరపడవల వేట నిషిద్ధం. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఈ కాలానికి కుటుంబానికి 20,000 రూపాయల భృతి ప్రకటించింది. అయినప్పటికీ రాబడి ఆగిన ఇంట్లో పిల్లల ఫీజులు, వైద్య ఖర్చులు ఆగవు. అటువంటి వేళ “అయిదు నిమిషాలలో అప్పు” అన్న సందేశం మునుగుతున్నవానికి తెప్పలా కనిపిస్తుంది. అది తెప్ప కాదని 2020 చివరలో తెలంగాణలో జరిగిన విషాదాలు చాటాయి. రుణ యాప్‌ల వేధింపులకు తాళలేక అప్పుడు కొందరు ప్రాణాలు తీసుకున్నారు. రిజర్వు బ్యాంకు నియమించిన కార్యాచరణ బృందం 2021లో సుమారు 1,100 రుణ యాప్‌లను గుర్తించగా, వాటిలో 600 చట్టవిరుద్ధమైనవని తేలింది.

2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు జారీ చేసింది. వాటి ప్రకారం రుణం నేరుగా రుణగ్రహీత ఖాతాలోనే జమ కావాలి. మొత్తం ఖర్చును ఏడాది వడ్డీరేటుగా లెక్కగట్టి ముందే చూపాలి. ఫోనులోని పరిచయస్తుల నంబర్లనూ ఫొటోలనూ రుణ యాప్ తాకరాదు. కనుక పరిచయాల జాబితా చూసేందుకు అనుమతి అడిగిన క్షణమే ఆ యాప్‌ను తొలగించడం క్షేమం. వడ్డీని ధర్మం నిషేధించిందని ఎరిగిన మనం మరొక కర్తవ్యాన్ని విస్మరించరాదు. ఇరుగుపొరుగు వారి కష్టకాలంలో వడ్డీ లేని చేబదులు ఇచ్చే ఆచారం సజీవంగా ఉంటే ఈ యాప్‌లకు మన వీధుల్లో చోటే దొరకదు.

కొన్ని జాగ్రత్తలు ఇంటిల్లిపాదికీ తెలియాలి. సంస్థల నుండి వచ్చే సందేశంలో పంపినవారి పేరు చివర ‘పి’ అనే ఆంగ్లాక్షరం ఉంటే అది వ్యాపార ప్రచారం. ‘జి’ ఉంటే ప్రభుత్వ సమాచారం. ప్రచార సందేశాలు వద్దనుకుంటే 1909 నంబరులో నమోదు చేసుకోవచ్చు. యూపీఐలో సొమ్ము స్వీకరించడానికి పిన్ నొక్కవలసిన పని ఎన్నడూ లేదు. పిన్ అడిగారంటే మన సొమ్ము పోతున్నదని అర్థం. కొనుగోలులో అన్యాయం జరిగితే 1915కు, డబ్బు మోసానికి గురైతే ఆలస్యం చేయక 1930కు ఫోను చేయాలి. మోసపోవడం నేరం కాదు. పరువు పోతుందని దాచుకోవడం వల్లనే నష్టం రెట్టింపవుతుంది.

ఫోనును పారవేయడం పరిష్కారం కాదు. నెలకొకసారి భార్యాభర్తలు, పెద్దపిల్లలు కలిసి కూర్చుని ఫోనులోని యాప్‌లను ఒక్కొక్కటిగా పరిశీలించాలి. ఇది మన పనికి వచ్చిందా, మన డబ్బుకు వచ్చిందా అని ప్రశ్నించుకోవాలి. పనికిరానిదాన్ని తొలగించడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం ఒక్కొక్కప్పుడు ఏడాది కష్టార్జితాన్ని కాపాడుతుంది.