ఎత్తిన బండి క్రింద పని

చెరకు తోలకములు ముగిసిన పిదప వడ్డాది ప్రాంతమున ట్రాక్టర్లకును, ట్రక్కులకును, ఇంటి కార్లకును మరమ్మతులు ఆరంభమగును. పట్టణమునకు తీసికొనిపోక, కళ్లములోనే జాకీ పెట్టి క్రిందికి దూరువారు పెక్కుమంది. పూర్వము ఎడ్లబండిని కొయ్య ఊతముపై నిలిపి, చక్రము నూడదీసి కందెన పెట్టిన అలవాటే వీరికి ఈ ధైర్యము నిచ్చినదని మా తలంపు. చిన్న కారైనను 800 కిలోలకు అటునిటుగా తూగును. అది ఱొమ్ముపై వ్రాలినచో కేకవేయుటకైన ఊపిరి యాడదు.

జాకీ ఎత్తుటకే గాని మోయుటకు గాదు. నూనె జాకీలో బరువును నిలుపునది లోపలి నూనె ఒత్తిడి. 1795లో ఆంగ్లదేశమున జోసెఫ్ బ్రామా పేటెంటు పొందిన నీటి ఒత్తుడు యంత్రమునకును ఇదియే సూత్రము. ఆ నూనెను ఆపు వాషరు అరిగినను, విడుపు మర కొంచెము సడలినను జాకీ దిగిపోవును. కావున ఎత్తిన వెంటనే బరువును ఇనుప స్టాండ్లపైకి దింపవలయును. అవి లేనిచో గట్టి కొయ్య దిమ్మలను ఒక వరుస అడ్డముగను, ఒక వరుస నిలువుగను పేర్చవచ్చును. ఇటుకలు, సిమెంటు దిమ్మలు పనికిరావు. అవి హెచ్చరింపకయే పగులును.

హ్యాండు బ్రేకు వేసితిమి గదా యని కొందరందురు. పెక్కు కార్లలో అది వెనుక చక్రములనే పట్టును. వెనుకభాగము నెత్తినచో దానివలన ప్రయోజనమేమి? గేరులో నుంచుటయు నట్టిదే. నడిపించు చక్రములలో నొకటి గాలిలో నున్నచో, అది వెనుకకు తిరుగుచుండగా రెండవది ముందుకు దొర్లవచ్చును. నేలనున్న చక్రములకు ముందు వెనుకల అడ్డుచెక్కలు పెట్టుటయే ఉపాయము. మెత్తని మన్నులో పని వలదు. తప్పనిసరియైనచో జాకీ క్రిందను, స్టాండ్ల క్రిందను మందపు పలకలు వేయుడు. దూరుటకు ముందు బండిని చేతులతో గట్టిగా కదల్చి చూడుడు. ఊడదీసిన చక్రమును చట్రము క్రింద పరుండబెట్టినచో, అన్నియు తప్పినను అది కొంత చోటు మిగుల్చును.

పైకెత్తిన ట్రక్కు తొట్టి మరింత అపాయకరము. ఇంజను ఆగియున్నను, పిల్లవాడు లీవరు తాకిన చాలును, తొట్టి దిగివచ్చును. తొట్టిని ఖాళీచేసి, దానికిని చట్రమునకును నడుమ గట్టి ఊతము నిలుపనిదే తల దూర్పరాదు.

ఈ పనులకు ప్రక్కన మరియొక మనిషి ఉండవలయును. ఎవరైన చిక్కుకొనినచో ఈడ్వక, 108కి టెలిఫోను చేసి, జాకీతో బండి నెత్తి, దిమ్మలు పెట్టిన పిదపనే వెలికి తీయవలయును.

స్టాండ్లు కొనలేనివారికై ప్రతి సంఘమును గిడ్డంగిలో రెండు జతలుంచుట మంచిది. పొలములకు ఎరువులమ్ము సంఘములు సభ్యులకు స్టాండ్లను ఎరువిచ్చుటలో వింతలేదు.