పీపా జెముడు: ఎడారి మొక్క నీటిని పొదుపు చేయు విధము

"జెముడు జాతి మొక్కకు నీరు అక్కరలేదు" అను మాట మన పల్లెలలో తరచుగా వినబడుచుండును. ఈ మాటను నమ్మి జెముడు కుటుంబమునకు చెందిన డ్రాగన్ ఫ్రూట్ వంటి పంటను నీటి వసతి లేని మెట్టలో నాటినచో రైతు నష్టపోవును. నిజమునకు నీరు అక్కరలేని మొక్క ఏదియు లేదు. ఉన్న నీటిని పొదుపుగా వాడుకొను మొక్కలు మాత్రము కలవు. ఆ పొదుపు ఎట్లు జరుగునో, అందువలన మొక్క ఏమి కోల్పోవునో తెలిసికొనుటకు ఉత్తర అమెరికా ఎడారులలోని పీపా జెముడు చక్కని ఉదాహరణము.

కుటుంబము, పేరు

ఈ మొక్కను ఆంగ్లములో బ్యారెల్ కాక్టస్ అందురు. చూచుటకు పీపావలె నుండును గనుక ఇక్కడ పీపా జెముడు అని వ్యవహరించెదము. పీపా జెముళ్లలో పెక్కు జాతులు కలవు. వానిలో ఇక్కడ వివరించునది ఫెరోకాక్టస్ విస్లిజెనై అను జాతి. "ఫెరో" అనగా లాటిను భాషలో క్రూరమైనది అని అర్థము. దీని ముండ్లను చూచినవారికి ఆ పేరు ఎందుకు వచ్చినదో వేరుగ చెప్పనక్కరలేదు. 1846లో ఆ ప్రాంతములందు సంచరించిన విస్లిజెనస్ అను వైద్యుని పేర 1848లో ఎంగెల్‌మన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఈ జాతిని వర్ణించెను. 1922లో బ్రిటన్, రోజ్ అను శాస్త్రజ్ఞులు దీనిని ఇప్పటి ప్రజాతిలో చేర్చిరి.

మన నాగజెముడు ఈ కుటుంబములోనిదే. అదియు అమెరికా ఖండము నుండి మన దేశమునకు వచ్చినదే. కాని బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు ఈ కుటుంబమునకు చెందవు. వానిని గిల్లినచో తెల్లని పాలు కారును. నాగజెముడులోను, పీపా జెముడులోను అట్టి పాలు లేవు. అంతేగాక నిజమైన జెముడు మొక్కలో ముండ్లు చిన్న నూగు దిండ్ల నుండి గుత్తులుగా పుట్టును. ఈ నూగు దిండ్లు నిజమైన జెముడు మొక్కలన్నిటి యందును కనబడును.

పెరుగు ప్రదేశము

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని అరిజోనా, న్యూ మెక్సికో దక్షిణ భాగములు, టెక్సస్ పడమటి కొన, మెక్సికో దేశములోని సొనోరా, చివావా రాష్ట్రములు దీని జన్మస్థానము. గులక నేలలు, కొండవాలు దీనికి అనుకూలము. అరిజోనాలోని టూసాన్ నగరములో ఏడాదికి సుమారు 11 అంగుళముల వర్షము కురియును. మన అనంతపురము ప్రాంతపు సగటు వర్షపాతము సుమారు 22 అంగుళములు. అనగా మనము కరువు సీమ అనుకొను చోట కురియు వర్షములో సగముతోనే ఈ మొక్క బ్రతుకుచున్నది.

కాండము

ఈ మొక్కకు సాధారణమైన ఆకులు లేవు. ఆకు చేయవలసిన పనినంతయు పచ్చని కాండమే చేయును. కాండము మొదట బంతివలె గుండ్రముగా నుండి, వయస్సు వచ్చిన కొలది పీపావలె పొడవగును. సాధారణముగా రెండు మొదలు నాలుగు అడుగుల ఎత్తు పెరుగును. మిక్కిలి ముదురు మొక్కలు పది అడుగుల వరకు పెరుగుట కలదు.

తడి బట్టను పరచి ఆరవేసినచో త్వరగా ఆరును. అదే బట్టను ముద్దగా చుట్టి పెట్టినచో చాల సేపు తడిగానే యుండును. పీపా జెముడు ఆకులను వదలుకొని గుండ్రని ముద్దవంటి దేహమును పొందుటలోని రహస్యము ఇదియే. లోపల గుజ్జు ఎక్కువ, ఎండకు గాలికి తగులు పైభాగము తక్కువ. పైన మందమైన చర్మము, దానిపై మైనపు పూత యుండుటచే నీరు ఆవిరియై పోవుట మరింత తగ్గును.

కాండముపై పొలములోని బోదెలవలె ఇరువదికి పైగా నిలువు గట్లు, వాని మధ్య చాళ్లు ఉండును. వాన కురిసినపుడు గుజ్జు నీటిని పీల్చి ఉబ్బగా గట్లు విచ్చుకొని చాళ్లు లోతు తగ్గును. కరువు కాలములో గట్లు దగ్గరకు ముడుచుకొనును. హార్మోనియము తిత్తి సాగి ముడుచుకొనునట్లు చర్మము చిట్లకుండ దేహము పెద్దదియు చిన్నదియు కాగలదు.

ముదురు మొక్కలు దక్షిణ దిశకో నైరుతి దిశకో వంగి యుండును. ఎండ తీవ్రముగా తగులు వైపున పెరుగుదల మందగించుటయే దీనికి కారణమని చెప్పుదురు. బాటసారులు దీనిని చూచి దిక్కు తెలిసికొనెడివారు. అందుచే దీనికి దిక్సూచి జెముడు అను పేరు కూడ కలదు.

ముండ్లు

ముండ్లు నిజమునకు రూపు మారిన ఆకులే. ప్రతి దిండు నడుమను నాలుగు బలమైన ముండ్లుండును. వానిలో ఒకటి వెడల్పుగా నుండి కొన గాలమువలె వంగి యుండును. చుట్టును సన్నని ముండ్లు పరచుకొని యుండును. ఇవి పశువుల నుండి రక్షణ నిచ్చుటయే గాక కాండముపై నీడ పట్టును. కొత్త పెరుగుదల జరుగు తలభాగమున ముండ్లు దట్టముగా నుండి, పగటి ఎండ నుండియు శీతకాలపు రాత్రి చలి నుండియు లేత భాగమును కాపాడును.

తలభాగపు దిండ్లలో తేనెను స్రవించు చిన్న గ్రంథులు కలవు. ఈ తేనె కొరకు చీమలు చేరి, మొక్కను తిన వచ్చు పురుగులను తరిమివేయును. కొద్దిపాటి తేనెను కూలిగా ఇచ్చి మొక్క కాపలా పెట్టుకొన్నట్లయినది.

వేళ్లు

ఎడారి మొక్క గనుక వేళ్లు చాల లోతునకు పోవునని అనుకొందురు. పీపా జెముడు విషయమున ఇది తప్పు. దీని సోదర జాతిపై పార్క్ నోబెల్ అను శాస్త్రజ్ఞుడు కాలిఫోర్నియా ఎడారిలో పరిశోధన జరిపి 1977లో ఫలితములను ప్రకటించెను. ఆ జాతి వేళ్ల సగటు లోతు సుమారు మూడు అంగుళములు మాత్రమే. ఎడారి జల్లు పైమట్టిని మాత్రమే తడుపును గనుక వేళ్లు అక్కడనే పరచుకొని యుండును. వాన పడిన స్వల్ప కాలములోనే కొత్త సన్న వేళ్లు పుట్టి నీటిని పీల్చును. నేల ఎండగానే ఆ వేళ్లు రాలిపోవును. అందుచే దేహములోని నీరు తిరిగి ఎండునేలలోనికి పోకుండును.

రాత్రిపూట గాలి పీల్చుట

నీటి పొదుపులో అతి ముఖ్యమైనది ఇదియే. వరి, వేరుశనగ వంటి పైరులు పగటిపూట తమ సూక్ష్మ రంధ్రములను తెరచి బొగ్గుపులుసు వాయువును లోనికి తీసికొనును. అదే సమయమున ఎండ వేడికి నీరు విశేషముగా ఆవిరియగును. పీపా జెముడు పగలు రంధ్రములను మూసికొని, చల్లని రాత్రివేళ తెరచును. లోనికి వచ్చిన వాయువును పులుసు పదార్థముగా మార్చి దాచుకొనును. తెల్లవారిన పిదప రంధ్రములు మూసికొని, దాచిన దానినుండి వాయువును విడదీసి, సూర్యరశ్మి సాయముతో ఆహారము తయారు చేసికొనును.

మన పెరటిలోని రణపాల మొక్క కూడ ఈ విధముననే చేయును. దాని ఆకు ఉదయము పుల్లగాను, మధ్యాహ్నము చప్పగాను, సాయంకాలము కొంచెము చేదుగాను ఉండునని బెంజమిన్ హైన్ వ్రాసిన లేఖ 1815లో అచ్చయినది. ఈయన ఒకప్పుడు మన సామర్లకోటలోని కంపెనీ వారి తోటను చూచిన వృక్షశాస్త్రజ్ఞుడు. రైతులు స్వయముగా పరీక్షింపవచ్చును. ఆకు ముక్కను నాలుకకు తాకించి ఉమ్మివేయవలెను, మ్రింగరాదు.

నోబెల్ లెక్క ప్రకారము సోదర జాతి పీపా జెముడు ఒక గ్రాము బొగ్గుపులుసు వాయువును సంపాదించుటకు ఏడాది సగటున సుమారు 70 గ్రాముల నీటిని ఖర్చు చేయును. సాధారణ పైరులకు ఇదే పనికి కొన్ని వందల గ్రాముల నీరు కావలెను. నేల ఎండిన పిదప కూడ సుమారు 40 రోజులు దేహములోని నిలువ నీటితో ఈ పని సాగించును. అటు పిమ్మట రంధ్రములు మూసికొని, పెరుగుదల నాపి, వానకై వేచియుండును.

పూవులు, కాయలు, మొలకలు

జూలై మొదలు సెప్టెంబరు వరకు, వేసవి వానల కాలమున, తలపై కిరీటమువలె పసుపు, నారింజ, ఎరుపు రంగుల పూవులు పూయును. తేనెటీగల వలన పరాగ సంపర్కము జరుగును. కాయలు పసుపుపచ్చగా చిన్న అనాసకాయలవలె నుండును. వానికి ముండ్లు లేవు. అవి నెలల తరబడి మొక్కపైననే నిలిచి యుండును. లేళ్లు, ఎలుకలు, పక్షులు వానిని తిని నల్లని గింజలను వెదజల్లును.

అయితే మొలకెత్తిన వానిలో అధిక భాగము ఎండకు మాడిపోవును. చిన్న మొలకలో నిలువ నీరు తక్కువ. పొదల, గడ్డి దుబ్బుల నీడ దొరకిన మొలకలకు బ్రతుకు అవకాశము ఎక్కువ. బ్రతికినది 50 మొదలు 100 ఏండ్ల వరకు జీవించును.

పీపాలో నీరున్నదా?

తల కోసినచో లోపల త్రాగు నీరు నిండి యుండునను కథ కలదు. ఇది నిజము కాదు. లోపల నుండునది జిగట గుజ్జు. గత్యంతరము లేనపుడు మెక్సికోలోని సెరి జాతి వారు ఈ జాతి గుజ్జును పిండి రసము త్రాగిన మాట నిజమే. కాని దీనిని పోలిన ఇతర జాతుల రసము వాంతులు, విరేచనములు కలిగించి, ఉన్న నీటిని కూడ శరీరమునుండి పోగొట్టును. ఒక గ్రుక్క రసము కొరకు ఏబది ఏండ్ల మొక్క నాశనమగును. అరిజోనాలో అనుమతి లేక దీనిని త్రవ్వుట చట్టవిరుద్ధము.

రైతులు గ్రహింపవలసినవి

1. నీటి పొదుపునకు తగినట్లు పెరుగుదలయు మందముగా నుండును. పగలు రంధ్రములు మూసికొను మొక్క సాధారణముగా త్వరగా పెరుగదు. నీరు లేకుండ అధిక దిగుబడి వచ్చునని ఎవరు చెప్పినను నమ్మరాదు.

2. డ్రాగన్ ఫ్రూట్ జెముడు కుటుంబములోనిదే అయినను ఎడారి మొక్క కాదు. మధ్య అమెరికా, దక్షిణ మెక్సికో అడవులలో చెట్లపై ప్రాకు తీగ. మన వేసవి ఎండకు దాని కాడలు మాడును. దానికి నీటి వసతి, తీవ్రమైన ఎండలలో కొంత నీడ అవసరము. పాదులో నీరు నిలిచినచో మొదలు కుళ్లును. నీటి వసతిని చూచుకొనియే పెట్టుబడి పెట్టవలెను.

3. ముండ్లు లేని నాగజెముడును పశువులకు మేతగా వేయవచ్చును. కాని దానిలో అధిక భాగము నీరే; మాంసకృత్తులు తక్కువ. ఎండుమేతతో కలిపి మితముగా వేయవలెను. పాలు కారు బొంతజెముడును దీనితో పొరపడి మేపరాదు.

4. వేరుశనగకు, కందికి జెముడు దేహము నీయలేము. కాని జెముడు తన దేహముతో చేయు పనిని మనము నేలతో చేయింపవచ్చును. వాలునకు అడ్డముగా దున్ని పడిన వానను పడినచోటనే ఇంకింపవలెను. మిగులు నీటిని పొలపు గుంటలో నిలువ చేయవలెను. ఆకులు, చొప్ప పరచి నేలపై నీడ కల్పింపవలెను. వాన నీటిని వెంటనే పట్టుట, దాచుట, ఆవిరి కానీయకుండుట అను ఈ మూడు పనులవలననే పీపా జెముడు ఎడారిలో నిలిచినది. మెట్ట రైతునకును ఈ మూడే ఆధారము.