వంత పాడినవారు

1959లో అమెరికాలో ‘ఇంపాలాస్’ అను మేళము పాడిన ‘సారీ, ఐ రాన్ ఆల్ ది వే హోమ్’ అను పాట బిల్‌బోర్డు పత్రిక పట్టికలో రెండవ స్థానమున కెక్కెను. ప్రియురాలికి క్షమాపణ చెప్పుకొనుటయే గాని అందు రాజకీయమేమియు లేదు. అయినను ఆ మేళమును గూర్చి మేము ముచ్చటింపదలచితిమి.

బ్రూక్లిను యువకులు నలుగురు. ముగ్గురు తెల్లవారు, ముందు నిలిచి పాడు జో ఫ్రేజియరు నల్లజాతివాడు. నల్లవాని పాటకు తెల్లవారు వంత పాడుట ఆ దినములలో అరుదు.

డూవాప్ అను ఈ గానమున వాద్యములు ప్రధానములు గావు. ఒకడు పాట నెత్తుకొనును. ఒకడు మంద్రస్థాయిని పట్టును. తక్కినవారు మన జతులవలె అర్థములేని అక్షరములతో లయను నింపుదురు. వీధిమూలల నిలుచు బీదపిల్లలకు గొంతులే వాద్యములు.

1956లో బర్మింగుహాములో తెల్లవారి సభయెదుట పాడుచున్న నాట్ కింగ్ కోలుపై దుండగులు వేదికనెక్కి దాడిచేసిరి. నల్లవాడగుటయే ఆయన నేరము! రేడియోలో కంఠమే గాని చర్మము కానరాదు గదా. అందుచే ఇంపాలాస్ పాట దూరజాలని యిల్లు లేకపోయెను. విన్నవారెల్ల సమత్వవాదులైరని మేమనజాలము. పాటకు దొరికిన చోటు మనిషికి దొరకలేదు. 1960లో గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు ఫలాహారశాలలో తెల్లవారి సరసను కూర్చుండుటకై సత్యాగ్రహమే చేయవలసివచ్చెను.

ఇంపాలాస్‌కు మరల అట్టి విజయము లభింపలేదు. భోజనశాలలలో వర్ణభేదమును నిషేధించు చట్టము 1964లో గాని రాలేదు. అప్పటికి ఆ పాట వెలువడి అయిదేండ్లయ్యెను.