ముసురు పట్టిందా? కోళ్లను లోపలికి ఇలా తెచ్చుకోండి

తుపాను ముసురు రెండు మూడు రోజులు వదలకపోతే పెరట్లో కోళ్ల గూడు తడిసి ముద్దవుతుంది. పది నాటు కోళ్లుంటే ఇంటికి గుడ్లు, అవసరానికి చేతిలో నాలుగు డబ్బులు. వాటిని పెంచేది ఎక్కువగా ఆడవాళ్లే, పోతే నష్టమూ వాళ్లకే.

అందుకే వాన తగ్గేదాకా మెట్ల కిందకో, వసారాలో ఓ మూలకో మార్చుకోవాలి. పడుకునే గది, వంటగది మాత్రం వద్దు. కోడికి కనీసం 2 చదరపు అడుగులు లెక్కేసుకుంటే పదింటికి 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల పొడవు జాగా కావాలి. చుట్టూ వల కట్టి, కింద 2 అంగుళాల మందాన పొడి వరి ఊక పోస్తే చాలు.

చలేస్తుందని చాలామంది నాలుగు వైపులా పట్టా కప్పేస్తారు. తప్పంతా అక్కడే. గాలి ఆడకపోతే తడి రెట్టల నుంచి అమ్మోనియా లేచి కోళ్ల కళ్లు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ముక్కుకు ఘాటు తగిలిందంటే ఊక మార్చాల్సిందే. జల్లు కొట్టే వైపే పట్టా కట్టి, పైన జానెడు సందు వదలాలి. తడి ఊకలో పిల్లలకు రక్త విరేచనాల జబ్బు కూడా తొందరగా అంటుకుంటుంది.

కరెంటు పోయిందని బొగ్గుల కుంపటి లోపల పెట్టొద్దు. మూసిన ఇంట్లో ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలో ఉన్న మనుషుల ప్రాణాలే తీస్తుంది. కోడిపిల్లలకు తల్లి రెక్కల వెచ్చదనం చాలు.

తూలుతున్న కోడిని మిగతావాటితో కలపకూడదు. ఒకేసారి రెండు మూడు చనిపోతే దేన్నీ లోపలికి తేకుండా, చచ్చినవాటిని వట్టి చేతులతో ముట్టుకోకుండా పశువుల ఆసుపత్రికి కబురు చేయాలి.